పెద్ద బండ

ట్రైలరు కొరాపుట్ గ్యాసు గోడౌను గేటు దాటి లోపలికి రావడానికి నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ అయింది. దాన్ని లాగే జీపులోంచి డ్రైవరు బాపి తల బయటపెట్టి, నాలిక పళ్ళ మధ్య బిగించి, వెనక్కి చూస్తూ తిప్పుతున్నాడు. తెల్లరంగు రేకుల ఇల్లు అది. రెండు చక్రాలు, రెండు కిటికీలు, ఒక తలుపు. తలుపు పక్కన దేవమాలి కొండ బొమ్మ వేయించారు. కొండ కొంచెం ఎక్కువ పచ్చగా ఉంది.

కల్యాణి విప్పుతున్న రెగ్యులేటరు కింద పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుని లేచింది.

ముందు సీట్లోంచి గౌరీశంకర్ దిగాడు. రాయగడలో ఇనప సామాన్ల హోల్‌సేలు వ్యాపారం ఆయనది. ఈ చలికాలం దేవమాలి కింద టూరిస్టులకి అద్దెకిద్దామని విశాఖపట్నంలో ఈ ట్రైలరు కట్టించాడు. ఆయన కల్యాణి భుజం మీదుగా చూసి, ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ గ్యాస్ ఏజెన్సీ యజమాని రామమూర్తిని అడిగాడు.

“మెకానిక్ ఏడండీ? మధ్యాన్నానికల్లా ఘాటీ ఎక్కీయాల మేం.”

“మీ ఎదురుగానే ఉంది కదండీ. మా కల్యాణి.”

“ఈ అమ్మాయా?” అన్నాడు గౌరీశంకర్. తర్వాత సర్దుకుని, “అంటే, గ్యాసుబండలూ అవీ ఎత్తాల కదా అని” అన్నాడు.

కల్యాణి వరసలోంచి ఒక నిండుబండని మెడ పట్టుకుని వాల్చి, అడుగు చట్రం అంచు మీద నిలబెట్టి, ఒక చేత్తో తిప్పుకుంటూ గచ్చు మీదుగా ట్రైలరు దాకా నడిపించుకొచ్చింది. లోపల గ్యాసు పంతొమ్మిది కిలోలు, ఇనుముతో కలిపి ముప్పై ఎనిమిది కిలోల బరువు. అది బొంగరంలా తిరుగుతూ ఆమె వెంట వచ్చింది. బాపి ఇంజను ఆపి చూస్తూ ఉండిపోయాడు.

జీపుకి తగిలించే కమ్మి మీద, ట్రైలరు ముందు భాగాన, బండల కోసం రేకుపెట్టె ఒకటి కట్టారు. కల్యాణి మోకాళ్ళ మీద కూర్చుని దాని అడుగు తడిమింది.

“అడుగున చిల్లులేవండీ?”

“చిల్లులెందుకు? దుమ్ము లోపలికి పోదా?”

“గ్యాసు గాలి కన్నా బరువండి. కారితే పైకి పోదు, కిందకి దిగి కూర్చుంటాది. దిగిన గ్యాసు పోడానికి దారుండాల.” ఆమె డ్రిల్లు తెప్పించి పెట్టె అడుగున వేలు దూరేంత చిల్లులు ఎనిమిది వేసింది. రేకు రజను ఊడ్చి పారేసింది.

“ఒకే ఒక పెద్దబండ పెట్టీమ్మా,” అన్నాడు గౌరీశంకర్. “నలభై ఏడున్నర కిలోలది. ట్రైలరు చుట్టూ నాలుగు గుడారాలు వేస్తన్నాం, పదిమంది ఉంటారు. మధ్యలో అయిపోతే పరువు పోతాది. మంచం కింద బోలెడు చోటుంది, పడుకోబెట్టీయొచ్చు.”

“పడుకోబెట్టకూడదండి. అందులో ఉన్నది నీళ్ళలాంటి ద్రవం. నిలబెడితే పైన గ్యాసు పోగవుతాది, అది పైపులోకి వస్తాది. పడుకోబెడితే ద్రవమే పైపులోకి వచ్చీస్తాది. మనుషులు పడుకునేచోట అసలే పెట్టకూడదు.” ఆమె లేచి జీపు కొక్కెం చూపించింది. “పోనీ ఈ పెట్టెలో నిలబెడదామన్నా, నిండు పెద్దబండ ఇంచుమించు క్వింటాలు. మొత్తం బరువు ఈ కొక్కెం మీద పడతాది. ఘాటీ మలుపుల్లో జీపు వెనక దిగిపోయి, ముందు చక్రాలు తేలిపోతాయి. పంతొమ్మిది కిలోలవి రెండు పెట్టండి. ఒకటి వాడతా ఉంటే రెండోది సిద్ధంగా ఉంటాది. అయిపోతే మీట తిప్పుకోడమే.”

గౌరీశంకర్ గడ్డం గోక్కున్నాడు. ముందు చక్రాలు తేలిపోతాయన్న మాట ఆయనకి పట్టింది. బాపి కూడా అవునన్నట్టు తలూపాడు.

అంతసేపూ జీపు వెనక సీట్లో కూర్చున్న ఒక ఆడమనిషి అప్పుడు దిగింది. యాభై దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ళ స్వెట్టరు తొడుక్కుంది. ట్రైలరుకి వంటమనిషి, పేరు కృష్ణవేణమ్మ, గుణుపురం వైపు రైతుకుటుంబం. ఆమె పెట్టె దాకా వచ్చి చిన్నబండని కాలి బొటనవేలితో తాకింది.

“మేడమ్, నాకు పెద్దదే కావాల,” అంది. “ఇది అక్కడ పని సెయ్యదు. కొండ మీద సలికి సిన్నబండ బిగుసుకుపోద్ది. గ్యాసుంటాది గాని రాదు.”

కల్యాణి పానా వెతుక్కుంటోంది. తలెత్తకుండానే అంది, “పిన్నీ, లోపల గ్యాసు ఒకటే. బండ పెద్దదైతే మంట పెద్దదవదు.”

గౌరీశంకర్ గట్టిగా నవ్వాడు. బాపి కూడా నవ్వాడు. “ఇంకేటి, మెకానిక్‌గారు సెప్పీసేరు కదా,” అన్నాడు గౌరీశంకర్. కాసేపటి క్రితం ‘ఈ అమ్మాయా’ అన్న మనిషి ‘మెకానిక్‌గారు’ అన్నాడు. కల్యాణికి లోపల ఎక్కడో తియ్యగా అనిపించింది.

కృష్ణవేణమ్మ స్వెట్టరు పైగుండీ పెట్టుకుని, “సరే మేడమ్,” అని వెళ్ళి జీపులో కూర్చుంది.

మిగతా పని గంటన్నర పట్టింది. వాల్వుల్లో రబ్బరు వాషర్లు కొత్తవి వేసింది. రెండు బండలనీ పెట్టెలో నిలబెట్టి గొలుసులు చుట్టింది. రెంటినీ మీటకి కలిపి, అక్కణ్ణుంచి ఒక మూర రబ్బరు పైపు, ఆ తర్వాత రాగిగొట్టం లోపలి రెండు పొయ్యిలకీ, నీళ్ళు కాగే గీజరుకీ వేసింది. సబ్బునురగ ప్రతి జాయింటుకీ రాసి, బుడగ లేస్తుందేమోనని ఒక్కొక్కదాని దగ్గరా ఊపిరి బిగబట్టి చూసింది. ఒక్క బుడగా లేవలేదు. పొయ్యి నీలంగా వెలిగింది. ట్రైలరు గేటు దాటుతుంటే గౌరీశంకర్ కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాడు.

*

ఆరో రోజు పదిగంటలకి రామమూర్తి ఆమెని గదిలోకి పిలిచాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఏదన్నా చెడ్డమాట చెప్పాల్సి వస్తే అలా తీస్తాడాయన.

“ట్రైలరు దగ్గర గ్యాసు కారిందట అమ్మీ. కంగారుపడకు, ఎవరికీ ఏమవలేదు. ఆ వంటామె నిన్న తెల్లారగట్ల బండల పెట్టె పక్కన నిప్పుల కుంపటి పెట్టింది. రబ్బరు పైపు మెత్తబడిపోనాది. వాసనకి భువనేశ్వరం పార్టీ బెదిరిపోయి సామాను సర్దుకుని దిగిపోయేరు. గౌరీశంకర్ ఆమెని అప్పుడే పంపించీసేడు.”

“కుంపటా? బండల పక్కనా?”

“అదే మరి. గ్యాసు రావట్లేదు, అందుకే పెట్టేనంటాది. సగం పైగా గ్యాసుందట బండలో. అబద్ధాలకోరని అంటన్నాడాయన.” రామమూర్తి ఒక అచ్చు కాగితం ముందుకి తోశాడు. “నువ్వెళ్ళి చూసి, పైపు మార్చి, వంటమనిషి నిర్లక్ష్యం వల్ల జరిగిందని రాసి సంతకం పెట్టి రా. మన బిగింపులో లోపం లేదని కాగితం మీద ఉండాల. నీకూ మంచిది, నాకూ మంచిది.”

సిమిలిగుడ దాకా బస్సు, అక్కణ్ణుంచి కూరగాయల జీపు. కల్యాణి పనిముట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని, తన పొరపాటు కానందుకు నిమ్మళంగానే కూర్చుంది. పొలాల్లో వలిసె పంట కోతకొచ్చి అక్కడక్కడ మాత్రమే పూల పసుపు మిగిలింది.

ట్రైలరు కొండ కింద చదునులో, ఏనుగంత రాయి ఒకదానికి ఉత్తరాన నిలబెట్టి ఉంది. గుడారాలు ఖాళీగా గాలికి కొట్టుకుంటున్నాయి. బాపి ఒక్కడే గట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు వలుచుకుంటున్నాడు.

పెట్టె ఒకవైపు రంగు బొబ్బలెక్కి ఉంది. రబ్బరు పైపు ఒకచోట మెత్తబడి, చిట్లి, కొడవలిలా వంగింది. కల్యాణి దాన్ని కోసి తీసి సంచీలో వేసుకుంది. కొత్తది బిగించింది. సబ్బునురగ రాసింది. పొయ్యి వెలిగించింది. మధ్యాహ్నం మూడుగంటల ఎండలో మంట చక్కగా, నీలంగా నిలబడింది.

“సూసేరా? బాగానే వస్తంది,” అన్నాడు బాపి. “వంట సేసే మావుసీ అబద్ధం ఆడిందని సారు అందరి ముందరా అన్నారు.”

వాల్వు ఎవరు కట్టేశారని అడిగింది కల్యాణి.

“మావుసీయే. వాసన రాగానే కుంపటి మీద తడిగోనె పడేసింది. రెండు బండలూ కట్టేసింది. గుడారాల్లో ఉన్నోళ్ళని కేకలేసి లేపి, ఆ రాయి అవతలికి తరిమింది. సెప్పుల్లేకుండానే పరిగెట్టేరు అందరూ.”

కల్యాణి ట్రైలరు మెట్టు మీద కూర్చుని కాగితం మోకాలి మీద పరుచుకుంది. తేదీ రాసింది. స్థలం రాసింది. ‘కారణం’ అన్నచోట పెన్ను ఆగింది. వాసన రాగానే వరసగా ఏం చెయ్యాలో అన్నీ చేసిన మనిషి, సగం గ్యాసున్న బండ పక్కన ఊరికే నిప్పులెందుకు పెడుతుంది?

“బాపీ, ఆ తెల్లారగట్ల నువ్వు లేచే ఉన్నావా?”

“నీళ్ళు మోస్తన్నాను.”

“మంట తగ్గిపోవడం నువ్వు చూశావా?”

బాపి ఉల్లిపాయ పక్కన పెట్టాడు. “సూసేను. మొదట్లో బాగానే ఉంది. గీజరూ, రెండు పొయ్యిలూ వెలిగించినాక సిన్నగా, సిన్నగా అయిపోయి దీపంలాగ ఐపోనాది. లోపల్నించి నీళ్ళేవీ, టీ ఏదీ అని కేకలు. ఒకావిడ దగ్గర పసిగుంట ఉంది, స్నానానికి నీళ్ళు కావాలని ఆవిడ. సారు ఫోన్లో ఏదోటి సెయ్యండని తిట్లు.”

“మరి సారుతో ఎందుకు చెప్పలేదు?”

“నన్నెవరడిగేరు?” అన్నాడు బాపి.

కింద రోడ్డు మీద ఆఖరి జీపు హారన్ కొట్టింది. కల్యాణి లేవలేదు. రామమూర్తికి ఫోన్ చేసి, రేపు వస్తానని చెప్పింది. “పైపు మార్చడానికి రెండ్రోజులేటే?” అన్నాడాయన. చలివేళ ఒకసారి వెలిగించి చూడాలంది.

మర్నాడు అయిదింటికి ఆమె గుడారంలోంచి బయటికొచ్చేసరికి గడ్డి తెల్లగా ఉంది. చేతివేళ్ళు వంగడం లేదు. రెండు పొయ్యిల మీదా పెద్ద గిన్నెలతో నీళ్ళు పెట్టి, గీజరు వదిలి, వెళ్ళి బండల పెట్టె ముందు గొంతుక్కూర్చుంది. టార్చి వెలుగులో ఏమీ కనిపించలేదు మొదట. పావుగంటకి వాడుతున్న బండ అడుగున చెమ్మ పట్టింది. ఇంకో పావుగంటకి ఆ చెమ్మ గడ్డకట్టి, పంచదార అద్దినట్టు తెల్లని పట్టీ అయింది. ఆమె చూపుడువేలు ఆనిస్తే అంటుకుపోయింది, లాక్కుంటే చర్మం చుర్రుమంది. లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద మంట గింజంత అయిపోయింది. గిన్నెలో నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. మీట తిప్పి రెండో బండ వదిలింది. అదీ అరగంటకి అలాగే తెల్లబడి కూర్చుంది.

గ్యాసు అయిపోలేదు. బండ ఊపితే లోపల గలగలమంటోంది. ద్రవం గ్యాసు కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని అది బండ ఒంట్లోంచే లాక్కుంటుంది. పల్లపు ఊళ్ళలో చుట్టూ ఉన్న గాలి మళ్ళీ వేడి అందిస్తూ ఉంటుంది. ఇక్కడ అందించడానికి గాలిలో ఏముంది? చిన్న ఒళ్ళు, ఎక్కువ వాడకం. అదే పెద్దబండ అయితే లోపల ద్రవం ఎక్కువ, ఒళ్ళు పెద్దది, అంత తొందరగా చల్లబడదు. ట్రైనింగులో ఎప్పుడో చదివిన పాఠమే. కొరాపుట్ ఇళ్ళలో, హోటళ్ళలో ఎప్పుడూ దానితో పని పడలేదు.

కృష్ణవేణమ్మ ఇదంతా ఒక్క ముక్కలో చెప్పింది. గ్యాసుంటాది గాని రాదు. ఆమె అది చెబుతున్నప్పుడు తను పానా వెతుక్కుంటోంది.

సూర్యుడు పైకొచ్చేదాకా కల్యాణి అక్కడే కూర్చుంది. తర్వాత కాగితం తీసి, ‘కారణం’ అన్నచోట గీతల్లో పట్టక పక్కన ఖాళీలో కూడా రాసింది. కుంపటి పెట్టడం ప్రమాదకరమైన పని. అయితే ఇక్కడి చలికీ, ఈ వాడకానికీ పంతొమ్మిది కిలోల బండలు చాలవు. చాలవని వంటమనిషి కృష్ణవేణమ్మ ముందే చెప్పింది. నేను వినలేదు. ఎంపిక నాది. కింద సంతకం పెట్టింది.

*

రామమూర్తి కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఇంకోసారి కళ్ళజోడు తీసేశాడు.

“నీ మీద నువ్వే రాసుకున్నావేటే అమ్మీ? ఎవరడిగేరు నిన్ను?”

“ఎవరూ అడక్కపోబట్టే కదండీ ఇంత అయింది.”

“ఈ కాగితం సూస్తే గౌరీశంకర్ నా పీక పట్టుకుంటాడు. ‘ఎంపిక నాది’ అట.” ఆయన కాగితం మడిచాడు, విప్పాడు, చింపలేదు. “సరే. రాసిందేదో రాసేవు. కొన్నాళ్ళు బయటి పనులకెళ్ళకు. కౌంటర్లో కూర్చో.”

కౌంటర్లో పని బుకింగులు రాసుకోవడం, ఫోన్లెత్తడం. బయట గోడౌను గచ్చు మీద కొత్తగా వచ్చిన మెకానిక్ బండల్ని ఈడుస్తుంటే చట్రం గచ్చుకి గీసుకుని కీచుమనేది. ఈడవకూడదు, అంచు మీద తిప్పాలని చెప్పడానికి ఆమె రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చుంది. మూడు రోజులు గడిచాయి. గౌరీశంకర్ నుంచి ఒక కబురు మాత్రం వచ్చింది. రాయగడ నుంచి తెచ్చుకున్న కొత్త వంటవాడు ఒక్క రాత్రి ఉండి, ఆ చలిలో తనవల్ల కాదని పారిపోయాడు. శుక్రవారం మళ్ళీ ఇంకో పార్టీ రావాలి.

కృష్ణవేణమ్మ నందపూర్‌లో చెల్లెలి ఇంట్లో ఉందని బాపి చెప్పాడు. సంతరోజు సెలవు పెట్టి కల్యాణి నందపూర్ బస్సెక్కింది.

సంతలో అల్లంరాసుల పక్కన, చింతపండు బుట్టల వెనక, కర్రలపొయ్యి మీద మూకుడు పెట్టి కృష్ణవేణమ్మ పకోడీలు వేస్తోంది. అదే స్వెట్టరు. కల్యాణిని చూసి, పిండి కలుపుతున్న చెయ్యి ఆపకుండానే, “ఎంతకివ్వమంటావు?” అంది.

“పకోడీలకి రాలేదు పిన్నీ. నేను...”

“తెలుసు. బండల మేడమ్‌వి.”

“మీరు వచ్చేశాక నేను అక్కడే ఒక రాత్రి ఉండి చూశాను. పొద్దున్నే అన్నీ వెలిగించాను. మీరు చెప్పినట్టే బిగుసుకుపోయింది. మీరు ఆరోజు చెప్పినప్పుడు నేను వినలేదు. అదే రాసి ఇచ్చాను కాగితం మీద. మీకు చెప్దామని వచ్చాను.”

కృష్ణవేణమ్మ మూకుట్లో పకోడీలు తిరగేసింది. చుట్టుపక్కల కొండ ఊళ్ళ దేశియా ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి పొట్లాలు కట్టించుకుని వెళ్ళారు.

“కుంపటి పెట్టేను. అది తప్పే,” అంది ఆఖరికి. “గోరెచ్చటి నీళ్ళు పొయ్యాల బండ మీద. ఎప్పుడూ అదే సేస్తాను. ఆవేళ నీళ్ళు కాగడానికే మంట లేదు. పసిగుంట ఏడుస్తంది. నెగడు కాడ బొగ్గులున్నాయి. ఒక్క పావుగంట పెట్టి తీసీదామనుకున్నాను. బుద్ధి గడ్డితిన్నాది.”

“ఆ పరిస్థితి తెచ్చింది నేను.”

“నువ్వు నవ్వనేదు లే. ఆ మగోళ్ళు నవ్వేరు. నువ్వు నా ఏపు సూడనే సూడనేదు.” ఆ మాట కోపంగా అనలేదామె. చిల్లులగరిటె దులుపుకుంటూ అంది. “పొట్టంగిలో పెళ్ళిళ్ళకి ఎన్నేళ్ళు వొండేను నాను. పుష్యమాసంలో అయిదొందల మందికి. సిన్నబండలైతే మూడు కలిపి ఒక్కసారే వదుల్తాం. నువ్వు రెండు పెట్టి ఒకటొకటే వాడమన్నావు. అలాగెలా వస్తాది?”

కల్యాణి సంచీలోంచి చిన్న పుస్తకం తీసి, మూడు కలిపి ఒక్కసారే అని రాసుకుంది. గోరువెచ్చటి నీళ్ళని రాసుకుంది. కృష్ణవేణమ్మ ఆ పుస్తకం వైపు, తర్వాత ఆమె మొహం వైపు చూసింది. పక్కనున్న పీట కాలితో జరిపింది. కల్యాణి కూర్చుంది.

“ఒక మాట నిజం సెప్పు. పెద్దబండ పెడితే జీపు ముందు సక్రాలు లేచిపోతాయన్నావు. అది నిజమేనా, నన్ను నోరు మూయించడానికా?”

“నిజమే పిన్నీ. ఆ ఘాటీలో అంత బరువు కొక్కెం మీద పెట్టకూడదు.”

“అయితే ట్రైలరు మీద ఎందుకు పెట్టడం?” అంది కృష్ణవేణమ్మ. “సంకురాత్రి దాటి, శివరాత్రి దాకా అది ఆ సదును కాడే ఉంటాది కద. కిందని నేల మీద పెట్టి పైపు ఏసీ. నడిసేటప్పుడు నీ సిన్నయి రెండూ. నిలబడినప్పుడు నా పెద్దది.”

కల్యాణి ఆ మాటనీ పుస్తకంలో రాసుకుంది. ట్రైలరు అంటే కదిలేది అనుకుంది తను. కదిలేదాని మీద ఏ బండ పెట్టాలా అనే ఆలోచించింది. అది నాలుగు నెలలు ఒకేచోట నిలబడి ఉండేదని ఎవరూ అనుకోలేదు, అందులో వండాల్సిన మనిషి తప్ప.

అక్కడికక్కడే గౌరీశంకర్‌కి ఫోన్ చేసింది. “సార్, శుక్రవారం పార్టీకి ఒక పద్ధతి దొరికింది. పెద్దబండే పెట్టొచ్చు. కొక్కెం మీద బరువు పడదు.”

“ఎవరు సెప్పేరు?”

“కృష్ణవేణమ్మగారు. ఇక్కడే ఉన్నారు. మాట్లాడండి.”

కృష్ణవేణమ్మ పిండిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను అందుకుంది. చాలాసేపు అవతలి మాటలు వింది. చుట్టూ సంత గోలలో ఆయనేం అన్నాడో కల్యాణికి వినిపించలేదు.

“రమ్మంటే వస్తాను బావూ,” అంది కృష్ణవేణమ్మ. “కుంపటి తప్పు నాది, ఒప్పుకుంటన్నాను. అబద్ధం మాత్రం ఆడనేదు. ఆడేనని ఆ డ్రైవరు ముందర అన్నారు మీరు. ఆడనేదని అతని ముందరే సెప్పండి. అంతే. జీతం మాట తరవాత.”

ఫోను తిరిగిచ్చి, కాగే నూనెకి మూర ఎత్తున చెయ్యి ఉంచి వేడి చూసుకుంది. “ఏటన్నారు?” అని కల్యాణి అడిగింది. “ఆలోసించి సెప్తాడట,” అంది కృష్ణవేణమ్మ, పిండి వదులుతూ.

*

సాయంత్రానికి గౌరీశంకర్ ఒప్పుకున్నాడు. రామమూర్తి కల్యాణిని కౌంటర్లోంచి లేపి, “నువ్వే వెళ్ళాల. ఇంకెవరికీ ఈ బిగింపు తెలీదు,” అన్నాడు. గోడౌనులో పెద్దబండ ఎంచుకునేటప్పుడు వెనకే వచ్చి నిలబడ్డాడు. కల్యాణి మూడు బండలు పక్కన పెట్టేసింది. ఒకదాని చట్రం వంగి ఉంది. ఇంకోదానికి పరీక్ష గడువు దగ్గరపడింది. మూడోదాని వాల్వు మరలో తుప్పు. నాలుగోదాన్ని చుట్టూ తడిమి, వాల్వుకి నురగ రాసి చూసి, ఇది చాలంది.

గురువారం మధ్యాహ్నం బండ ఎక్కించిన వ్యాను చదునుకి చేరింది. గౌరీశంకర్ ముందే వచ్చి ఉన్నాడు. కృష్ణవేణమ్మ వ్యాను దిగగానే ఆయన బాపిని కేకేశాడు. అతను రాగానే గౌరీశంకర్ జేబులో తాళాలు గలగలమనిపించి, “ఒరే బాపీ, ఆరోజు ఈవిడ అబద్ధం ఆడలేదురా. నాకు తెలీక అన్నాను,” అన్నాడు. బాపి నేల చూస్తూ, “నాకు తెల్సు సార్. నాను సూసేను,” అన్నాడు. కృష్ణవేణమ్మ తన సంచీ తీసుకుని ట్రైలర్లోకి వెళ్ళి గిన్నెలు ఎక్కడెక్కడ పెట్టారో చూసుకుంది.

వ్యాను నుంచి నేలకి రెండు మందపాటి చెక్కలు వాలుగా వేశారు. కింద పాత టైరు పెట్టారు. వాల్వు మూత బిగించి ఉందో లేదో చూసి, కల్యాణి బండకి తాడు చుట్టి పైన బాపికిచ్చింది. నలుగురూ కలిసి అంగుళం అంగుళం దించారు. నేల మీద నిలబెట్టాక, దాన్ని వాల్చి అంచు మీద తిప్పడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. కల్యాణి మెడ దగ్గర, కృష్ణవేణమ్మ నడుం దగ్గర. “నెమ్మదిగా. కాళ్ళు దూరం పెట్టండి. పడితే పట్టుకోకండి, వదిలేయండి,” అంటూ నడిపించింది కల్యాణి. ట్రైలరు వెనక, ఎండ తగలని మూల, ఆమె అప్పుడే వేయించిన రాతిపలక మీద నిలబెట్టారు. ప్రస్తుతానికి తాడుతో కట్టి, పైపు వేసి, నురగ రాసి చూసింది.

తెల్లవారి అయిదింటికి ఇద్దరూ లేచారు. రెండు పొయ్యిలు, గీజరు. కృష్ణవేణమ్మ గిన్నె తర్వాత గిన్నె నీళ్ళు కాచి పక్కన పెడుతుంటే, కల్యాణి బయట బండ ముందు కూర్చుంది. అరగంట. గంట. మంట తగ్గలేదు. ఏడింటికి పదో గిన్నె దించింది కృష్ణవేణమ్మ. అప్పటికి బండ అడుగున బెత్తెడు మేర చెమ్మ, అంచున సన్నని తెల్లగీత. అంతే.

“నిలబడింది పిన్నీ,” అంది కల్యాణి.

కృష్ణవేణమ్మ వచ్చి వంగి ఆ తెల్లగీత చూసింది. గోటితో గీరింది. “రేపు పొద్దున్న పదిమందికీ కాస్తే ఇదింకా పైకెక్కుతాది,” అంది. లేచి చుట్టూ చూసి, ట్రైలరు తూర్పు పక్కకి నడిచి, పెద్దరాయికి ఇవతల ఒకచోట మడమతో నేల తట్టింది. “ఇక్కడికి తేవాల. పొద్దు లేవగానే ఎండ తగుల్తాది.”

“ఎండలో బండ పెట్టకూడదు పిన్నీ. అది రూలు.”

“ఎండ ఎంతసేపుంటాది? తొమ్మిదయ్యేసరికి ఈ రాయి నీడ పడిపోద్ది. మరింక సాయంత్రం దాకా తొలగదు. ఆ నాలుగు రోజులూ ఇక్కడే కూకుని బియ్యం ఏరేను నాను.”

కల్యాణి రాయి వైపు చూసింది. పొద్దు ఇంకా దాని పక్కనే, కొండ మీద ఎర్రగా ఉంది. వాల్వు కట్టేసి, పైపు విప్పింది. బాపి పలకని గునపంతో ఎత్తి మోసుకొచ్చి కొత్తచోట పరిచాడు. ఇద్దరు ఆడవాళ్ళూ బండని వాల్చి, అంచు మీద తిప్పుకుంటూ, మంచు తడిసిన గడ్డిలో రెండు చోట్ల ఆగి ఊపిరి పీల్చుకుని, దాన్ని ఎండలోకి తెచ్చి నిలబెట్టారు. కల్యాణి పైపు కలిపి, నురగ రాసి చూసుకుంది. గొలుసు తగిలించడానికి బాపి ఒక ఇనపకమ్మిని సుత్తితో నేలలోకి దిగ్గొట్టాడు.

గౌరీశంకర్ దుప్పటి కప్పుకుని టీగ్లాసుతో వచ్చాడు. సంగతి విని గడియారం చూసుకున్నాడు. ఎనిమిది కావడానికి పది నిమిషాలుంది.

“తొమ్మిదిదాకా ఆగి, నీడ వస్తాదో లేదో చూసి గొలుసు బిగిద్దామా?” అని కల్యాణిని అడిగాడు.

కృష్ణవేణమ్మ అప్పటికే పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. లోపల్నుంచి అట్లకాడ చప్పుడవుతోంది.

“అక్కర్లేదండి,” అంది కల్యాణి. గొలుసు బండ చుట్టూ తిప్పి కమ్మికి తగిలించి, ఎండ ఇంకా బండ మీద పడుతుండగానే, నట్టు ఆఖరి చుట్టు దాకా బిగించింది.